చేతులు తెగిన స్వస్తిక్

సబ్ ఇన్‌స్పెక్టర్ వర్మ గడియారం చూసుకుని, నిందితుణ్ణి నాలుగు గంటలకల్లా రాయపూర్ కోర్టులో హాజరుపరచాలని హిందీలో మరోసారి గుర్తుచేశాడు. అప్పటికి పన్నెండు దాటి పది నిమిషాలైంది. తిల్దా నుంచి రాయపూర్‌కు ఆ వానాకాలపు రోడ్డు మీద జీపులో గంటన్నర ప్రయాణం. అంటే డిటెక్టివ్ భీమారావుకు మిగిలిన వ్యవధి రెండు గంటల ఇరవై నిమిషాలు.

అది 1978 సెప్టెంబరు 20, బుధవారం. అంతకు రెండు రోజుల ముందు, సోమవారం ఉదయం పది ఇరవైకి, తిల్దాలోని ఈ బియ్యపు మిల్లులో, బియ్యానికి మెరుగుపెట్టే పాలిషరు రాయి పగిలింది. ముప్పై అంగుళాల ఎమరీ రాయిలోంచి గుమ్మడికాయంత ముక్క ఊడి, దాని ఎదుట నిలబడి పనిచేస్తున్న జోగయ్య ఛాతీకి తగిలింది. జోగయ్య అక్కడికక్కడే పోయాడు. పోలీసులు ఒకటిన్నరకు వచ్చారు. మిల్లు మేనేజరు సూర్యారావు ఇచ్చిన ఫిర్యాదు ప్రకారం ఇది ప్రమాదం కాదు, హత్య. మిల్లు ఫిట్టరు సూరిబాబు తాగివచ్చి, తనతో ముందురోజే గొడవపడిన జోగయ్యను చంపాలని యంత్రాన్ని అడ్డూ ఆపూ లేని వేగంతో తిప్పాడు.

జోగయ్య సూరిబాబుకు స్వయానా బావ. భీమారావును పిలిపించింది జోగయ్య భార్య రమణమ్మే. మంగళవారం దహనం ముగిసిన గంటకు ఆమె రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ పక్కనున్న అతని ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఒక్క మాట చెప్పింది. "మొగుణ్ణి తీసుకున్నారు. తమ్ముణ్ణి కూడా ఇచ్చేస్తే నాను మనిషిని కాను."

భీమారావు ముప్పై రెండేళ్లు రైల్వే వర్క్‌షాపుల్లో పనిచేసి ఫోర్‌మన్‌గా విరమించి, డిటెక్టివ్ పనిలోకి దిగినవాడు. ఇనుము అబద్ధం చెప్పదని అతను ఎన్నడూ అనలేదు. ఇనుము చేత అబద్ధం చెప్పించడం మనుషులకు చేతకాదని మాత్రం నమ్మేవాడు.

సూరిబాబు మిల్లు వరండాలో కానిస్టేబులుతో ఒకే బేడీకి చిక్కి కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లవాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. అడిగినదానికి సూటిగా బదులిచ్చాడు.

"ఆదివారం విశ్వకర్మ పూజకొచ్చినప్పుడే సూసినాను సారూ. మోటారుకున్న బెల్టు పులీ మన ఆరంగుళాలది కాదు. తొమ్మిదిది. శనివారం నాను పనిలోంచి దిగినాక మార్చేసినారు. ఆ రాయికాడ నిలబడకు బావా అంటే, కూలెవడిస్తాడ్రా అన్నాడు. మా గొడవ అదే."

"సోమవారం మోటారు ఆన్ చేసింది ఎవరు?"

"మేనేజరు. నాను స్విచ్చి మీద సెయ్యెయ్యనన్నాను. అయితే బయటికి ఫో అన్నాడు. పోయినాను." తల ఎత్తకుండానే ఇంకో మాట అన్నాడు. "నా తప్పేటంటే అదే సారూ. మా బావని లాక్కుపోకండా ఒక్కణ్ణీ పోయినాను."

ఈ మాటలే అతను పోలీసులకూ చెప్పాడు. వర్మ నమ్మలేదు. నమ్మకపోవడానికి అతనికి కారణం ఉంది. పోలీసులు వచ్చి చూసినప్పుడు మోటారుకు ఉన్నది ఆరంగుళాల పులీయే. ఈ బుధవారం ఉన్నదీ అదే. తొమ్మిదంగుళాల పులీ మిల్లంతా వెతికినా దొరకలేదు.

సూర్యారావు ఆఫీసు గదిలో ఉన్నాడు. పదిహేడేళ్లుగా ఆ మిల్లు మేనేజరు. నుదుట పెద్ద బొట్టు, మెడలో కొత్త తాయెత్తు. పూజనాడు సూరిబాబు స్నానం చేయకుండా యంత్రాలను ముట్టుకున్నాడనీ, విశ్వకర్మకు కోపం వచ్చిందనీ, లేబరంతా అదే అనుకుంటున్నారనీ అతను మొదలుపెట్టాడు. దేవుడి సంగతి దేవుడే చెప్పుకుంటాడనీ, యంత్రం సంగతి చెప్పమనీ భీమారావు అడిగాడు. వేగం ఎక్కువైందని ఎలా తెలిసింది?

"మీటరు పెట్టి చూశానండి. పాలిషరు మామూలుగా నిమిషానికి మూడువందల అరవై చుట్లు తిరగాలి. ఆ రోజు ఐదువందల నలభై తిరుగుతోంది. వద్దురా అంటే వినలేదు."

"ఐదువందల నలభై. మీ కళ్లతో చూశారు."

"తల్లి మీద ఒట్టండి. అదే కాగితం మీద రాసిచ్చాను."

"సూరిబాబు అంత వేగం ఎలా తెప్పించాడు?"

"అదేం బ్రహ్మవిద్యండీ. తాగినోడి చెయ్యి. ఇంజను ఎక్కించేశాడు."

ఇంజను అన్న మాటను అతను సవరించుకోలేదు. ఆ మిల్లులో రెండేళ్ల క్రితం దాకా ఆయిల్ ఇంజను ఉండేది. దాని నూనె మీట పట్టుకున్నవాడి చేతిలోనే మిల్లు వేగమంతా ఉండేది. ఇంజను పోయి కరెంటు మోటారు వచ్చింది గాని, పదిహేనేళ్ల అలవాటు సూర్యారావు నాలుక మీద నుంచి దిగలేదు. భీమారావు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకుని, అతని చేత సంతకం పెట్టించుకుని, వర్మను మోటారు గదికి రమ్మన్నాడు. అప్పుడు పన్నెండు నలభై.

మోటారు గది ఎనిమిది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు. ఒక చివర మోటారు. దానికి పది అడుగుల దూరంలో, గోడలోంచి మిల్లులోకి సాగిన పొడవాటి ఇనుప కడ్డీ, లైన్ షాఫ్టు. మిల్లులోని యంత్రాలన్నీ ఈ ఒక్క షాఫ్టు మీది పులీల నుంచి బెల్టులతో తిరుగుతాయి. భీమారావు మోటారు మీది ఇత్తడి పలకను వర్మ చేత చదివించాడు. పదిహేను గుర్రాల బలం. నిమిషానికి పద్నాలుగువందల నలభై చుట్లు.

ఆ సంఖ్య కరెంటు నిర్ణయించినదనీ, స్విచ్చి వేసినవాడు తాగినా తాగకపోయినా మారదనీ అతను హిందీలో వివరించాడు. స్విచ్చికి రెండే స్థితులు. ఎక్కించడానికి మీట లేదు. ఇక మిగిలినది మూడో తరగతి లెక్క. మోటారు చుట్లను దాని పులీ అంగుళాలతో హెచ్చవేసి, ఎదుటి పులీ అంగుళాలతో భాగించాలి. షాఫ్టు మీది పులీ ముప్పై ఆరంగుళాలు. మోటారుది ఆరంగుళాలైతే షాఫ్టు రెండువందల నలభై చుట్లు తిరుగుతుంది. అక్కడి నుంచి పద్దెనిమిదంగుళాల పులీ పాలిషరుకున్న పన్నెండంగుళాల పులీని తిప్పుతుంది గనుక, పాలిషరు వేగం మూడువందల అరవై.

వర్మ సుద్దముక్కతో గోడ మీద వేసి చూసుకున్నాడు. అంతే వచ్చింది.

ఇప్పుడు మోటారుకు తొమ్మిదంగుళాల పులీ తగిలించి మళ్లీ వెయ్యమన్నాడు భీమారావు. షాఫ్టు మూడువందల అరవై. పాలిషరు ఐదువందల నలభై.

వర్మ సుద్దముక్క దించలేదు. మేనేజరు తల్లి మీద ఒట్టేసి చెప్పిన సంఖ్య ఆరంగుళాల పులీతో ఎవడి చేతా రాదని అతనికి అర్థమైంది. అయినా అతను పోలీసువాడు. మేనేజరు కోపంలో ఏదో సంఖ్య చెప్పి ఉండవచ్చుననీ, అది కాకతాళీయం కావచ్చుననీ, పులీ మార్చారనడానికి వస్తువు కావాలనీ అన్నాడు. న్యాయమైన మాటేనని భీమారావు ఒప్పుకుని నేల మీద మోకరిల్లాడు.

మోటారు రెండు ఇనుప పట్టాల మీద కూర్చుని ఉంది. బోల్టులు వదులు చేస్తే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. బెల్టు సాగినప్పుడు వెనక్కు లాగి బిగించడానికి ఆ ఏర్పాటు. పట్టాల మీద తుప్పు. ఆ తుప్పులో ఇప్పటి బోల్టులకు ముందు, షాఫ్టు వైపున, వాషర్లు కొత్తగా నొక్కిన నాలుగు గుండ్రటి మెరుపులు. భీమారావు స్కేలు పెట్టాడు. రెండుంబావు అంగుళాలు. అదే బెల్టుకు ఆరు బదులు తొమ్మిదంగుళాల పులీ వేస్తే, చుట్టూరా ఎక్కువ బెల్టు కావాలి గనుక, మోటారు ఎంత ముందుకు రావాలో అతను ముందే లెక్క వేసి కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితాన్ని వర్మకు ఇచ్చాడు. అందులో ఉన్నదీ రెండుంబావే.

తర్వాత అతను టార్చి వెలిగించి మోటారు పులీ మధ్యభాగం మీద వేశాడు. చాలాసేపు చూశాడు. లేచి, లోపలికి వెళ్లి, మిల్లులోని ప్రతి పులీనీ అలాగే చూసి వచ్చాడు.

మొన్న ఆదివారం పూజలో, ఆ ప్రాంతపు కార్ఖానాలన్నిటిలో లాగే, ప్రతి యంత్రానికీ నెయ్యిలో కలిపిన సిందూరంతో స్వస్తిక్ గీశారు. గీతల కూడలి ఇరుసు కొస మీద, నాలుగు చేతులూ చుట్టూ ఉన్న పులీ బొడ్డు మీదకు. లోపలి పులీలన్నిటి మీదా అది నిండుగా ఉంది. మోటారు దగ్గర మాత్రం ఇరుసు కొస మీద ఎర్రని కూడలి ఉంది, చేతులు లేవు. నాలుగూ ఇరుసు అంచు దగ్గరే, కత్తితో కోసినట్టు, తెగిపోయాయి. పులీ బొడ్డు ఒట్టి నల్లటి ఇనుము. భీమారావు తన తెల్ల చేతిరుమాలుతో గట్టిగా రుద్దాడు. గ్రీజు వచ్చింది. ఎరుపు రాలేదు.

"పూజనాడు ఈ ఇరుసుకు ఉన్న పులీ ఇది కాదు," అన్నాడతను. "ఆ చేతులు ఇంకో పులీ మీద ఉన్నాయి."

వర్మ టోపీ తీసి చంకలో పెట్టుకుని తనూ ఒంగి చూశాడు.

పూజ సాక్ష్యం చాలదన్నట్టు భీమారావు మరో సాక్షిని పిలిచాడు. కోటమ్మ మిల్లు వాకిట్లో నూకలు చెరిగే ఆడవాళ్లకు పెద్ద. మోటారు గది గోడకు అవతలే ఆమె చోటు. బెల్టు రెండు కొసలనూ కలిపిన ఇనుప అతుకు, చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా పులీకి తగిలి టక్కుమంటుంది. ఏళ్ల తరబడి ఆ ఆడవాళ్లు టక్కుకు ఒక్కసారి చొప్పున చాట ఎగరేస్తారు. సోమవారం ఏం తేడా కనిపించిందని అడిగితే ఆమె ముందు మేనేజరు గది వైపు చూసింది. తర్వాత చాట నేల మీద పెట్టేసింది.

"పని తీసేస్తే తీసేయనీ బావూ. సోమారం మా సేతులు అందుకోనేకపోయినాయి. రెండు టక్కులకి ఒకపాలి ఎగరేసినాం. ఏటీ మిల్లుకి దెయ్యం పట్టిందా అని నవ్వుకున్నాం కూడాను. నవ్వుతా ఉండగానే జోగయ్య పోయినాడు."

ఖాళీ షాఫ్టును రెండు నిమిషాలు తిప్పించారు. ఆమె అలవాటు ప్రకారం చెరిగింది. పావు నిమిషానికి ఇరవై రెండు. మోటారు ఆపించి, సోమవారం విన్న టక్కుల్ని చాట మీద వేళ్లతో కొట్టి చూపమన్నాడు భీమారావు. ఆమె కళ్లు మూసుకుని కొట్టింది. పావు నిమిషానికి భీమారావు లెక్కకు ముప్పై మూడు వచ్చాయి, వర్మ లెక్కకు ముప్పై రెండు. ఇరవై రెండుకు ఒకటిన్నర రెట్లు ముప్పై మూడు. ఆరుకు ఒకటిన్నర రెట్లు తొమ్మిది.

"ఫోర్‌మన్ గారు చాటలు కూడా లెక్కపెడుతున్నారే," అని వెనక నుంచి వినిపించింది.

మల్లేశ్వరరావు వచ్చాడు. పోలీసు ఉద్యోగం వదిలి రాయపూర్‌లో డిటెక్టివ్ ఆఫీసు పెట్టినవాడు. మిల్లు యజమాని రామమూర్తి నియమించుకున్న మనిషి. ఇస్త్రీ నలగని బట్టలు, మెత్తటి గొంతు. కిందటేడు ఒక దొంగతనం కేసులో భీమారావును కోర్టులో నలుగురి ముందూ నవ్వులపాలు చేశాడు. జరిగినదంతా వర్మ నోట విని, అతను ఏ మాత్రం తొణకలేదు. సిందూరం వేగానికి ఎగిరిపోయి ఉంటుందన్నాడు. అదే ఇరుసు మీద గీత సగం నిలిచి, సగం సరిగ్గా అంచు దగ్గరే ఎగిరిపోదని భీమారావు అన్నాడు. బెల్టు బిగించడానికి మోటారు జరిపి ఉంటారన్నాడు మల్లేశ్వరరావు. బిగించడానికి వెనక్కు లాగుతారు గాని ముందుకు తోయరని భీమారావు అన్నాడు.

అప్పుడు మల్లేశ్వరరావు జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఈసారి అతను సిద్ధపడే వచ్చాడు.

"మీ లెక్కలోనే మాట్లాడుకుందాం. మీరు వేగం లెక్క వేశారు, టార్క్ మరిచిపోయారు. మెలితిప్పే బలం. ఈ మోటారుకు అది యాభై నాలుగు చిల్లర ఫుట్‌పౌండ్లు. ఆరంగుళాల పులీతో షాఫ్టు దగ్గర అది ఆరింతలవుతుంది, మూడువందల ఇరవై ఎనిమిది. మీ తొమ్మిదంగుళాలతో నాలుగింతలే, రెండువందల పంతొమ్మిది. యంత్రాలన్నిటికీ కావలసింది రెండువందల ఎనభై. వేగం పెరిగితే బలం తగ్గుతుందండీ. మీ పులీ వేసి ఉంటే ఫ్యూజు కాలి మిల్లు ఆగిపోయేది. జోగయ్య బతికేవాడు. కనక ఆ పులీ లేదు."

వర్మ ఇద్దరి ముఖాలూ చూశాడు. వాదన గట్టిది. భీమారావు దాన్ని ఒక్క అంకె కూడా వదలకుండా తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

"లెక్క తప్పు లేదు," అన్నాడు. "రెండువందల ఎనభై టార్క్‌ను మూడువందల అరవై చుట్లతో తిప్పాలంటే పంతొమ్మిది గుర్రాల బలం కావాలి. మోటారు పదిహేనుది. మామూలు ఫ్యూజు నిలవదు. పదండి, ఫ్యూజు చూద్దాం."

స్విచ్చి బోర్డు సూర్యారావు గది గోడకే ఉంది. వర్మ స్వయంగా ఫ్యూజు తీగ ఉండే పింగాణీ పిడి ఊడదీశాడు. లోపల ఒక్క పోగు ఉండవలసిన చోట మూడు రాగి పోగులు పెనవేసి ఉన్నాయి. మిగతా రెండు పిడుల్లోనూ అంతే. మోటారును కాపాడవలసిన తీగను, అది ఎప్పటికీ తెగకుండా కట్టారు. అలా కట్టిన మోటారు వేడెక్కుతుంది, వార్నిషు కంపు కొడుతుంది, కానీ తిప్పుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే రాయిని లోపలి నుంచి చీల్చే బలం రెండుంబావు రెట్లవుతుంది. నాలుగువందల చుట్లు మించరాదని ఆ పాలిషరు మీదే రాసి ఉంది.

"ఇవాళ పోలీసులు ఫ్యూజు చూస్తారని మీరు వీళ్లకు చెప్పలేదు," అన్నాడు భీమారావు. "లెక్క మీరే వేసి, జవాబు మీరే చూడలేదు, మల్లేశ్వరరావు గారూ."

మల్లేశ్వరరావు కాగితం మడిచాడు. తనకు ఈ సంగతులు చెప్పలేదని అతను ఎవరితోనూ అనలేదు. కానీ సూర్యారావు నుంచి రెండడుగులు దూరం జరిగాడు. ఆ రెండడుగులే సూర్యారావును కూలదోశాయి. ప్రభుత్వానికి ఇవ్వవలసిన లెవీ బియ్యం ఈ నెల ముప్పైలోగా అప్పజెప్పాలనీ, పెద్ద పులీ వేయించమని యజమానే చెప్పాడనీ, రాయి పగిలిన గంటలో తనే బయటి మేస్త్రీ చేత పాతది తిరిగి పెట్టించాననీ అతను తడబడుతూ ఒప్పుకున్నాడు. సిందూరం సంగతి ఎవరికీ తట్టలేదు.

"తీసేసిన పులీ ఎక్కడ?"

సూర్యారావు చేతి గడియారం చూశాడు. మళ్లీ చూశాడు. భీమారావు అతని మణికట్టు పట్టుకుని ఆ గడియారాన్ని తనవైపు తిప్పుకున్నాడు. ఒకటి నలభై ఎనిమిది.

"రెండింటికి ఏమవుతుంది?"

సూర్యారావు అదీ చెప్పేశాడు. రైలు పట్టాలకు అవతల రామమూర్తికి ఇంకో మిల్లు ఉంది. ఇలాంటిదే. తొమ్మిదంగుళాల పులీని ఆ పొద్దున అక్కడ బిగించారు. భోజనాల తర్వాత, రెండింటికి మిల్లు కూత భోంగా మోగగానే మొదలుపెడతారు. అక్కడి పాలిషరు రాయి పాతది, పోయిన వేసవిలోనే బీట పడింది. అక్కడ ఫోను లేదు.

కానిస్టేబులుతో ఒకే బేడీలో జీపు ఎక్కిన సూరిబాబు దారిలోనే అందుకున్నాడు. మిల్లు లోపలికి వెళ్లి ఆపబోతే రాయి ఎదుట నుంచే నడవాలనీ, వెనక గోడ బయట స్తంభం మీద ఫ్యూజు పిడులు ఉన్నాయనీ, అవి లాగేస్తే చాలనీ, మొదట్లో ఒక్కో పోగుతో వాటిని బిగించింది తనేననీ చెప్పాడు. మల్లేశ్వరరావు యజమాని కారులో వెనకే వచ్చాడు.

ఒకటి యాభై ఆరుకు జీపు రైల్వే గేటు దగ్గర ఆగింది. గేటు మూసి ఉంది. సిగ్నలు పడక గూడ్సుబండి అడ్డంగా నిలబడి ఉంది. అటూ ఇటూ చివర కనపడటం లేదు. మిల్లు గొట్టం దాని పైనుంచి కనిపిస్తోంది. మూడు ఫర్లాంగులు.

"నన్నొదలండి," అన్నాడు సూరిబాబు. "బండి కింద నుంచి పోతాను."

మల్లేశ్వరరావు కారు దిగివచ్చి, ఖైదీని వదిలితే వర్మ ఉద్యోగం వదిలినట్టేనని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. అది నిజం. వర్మ భీమారావు వైపు చూశాడు.

"మీ ఉద్యోగానికి నేను హామీ ఇవ్వలేను," అన్నాడు భీమారావు. "ఆ రాయి పగులుతుందని మాత్రం ఇవ్వగలను."

వర్మ తాళంచెవి తీసి కానిస్టేబులు చేతి వైపు బేడీ విప్పాడు. రెండో కడియం సూరిబాబు మణికట్టుకే వేలాడుతుండగా అతను వంగి, రెండు వ్యాగన్ల మధ్య కప్లింగు కింద దూరి, అవతల మాయమయ్యాడు.

భోంగా మోగింది. తర్వాత మిల్లు మొదలైంది. దూరం నుంచి మొదట గురగుర, ఆపైన ఒక్కటే సన్నని ఈల, పైకి పైకి ఎక్కుతూ. భీమారావు సెకన్లు లెక్కపెట్టాడు. నలభై. అరవై. మల్లేశ్వరరావు సిగరెట్టు వెలిగించుకుని, సూరిబాబు ఈపాటికి బిలాస్‌పూర్ దారిలో పారిపోతూ ఉంటాడన్నాడు. తొంభై. వర్మ టోపీ పెట్టుకోవడం మరిచిపోయి నిలబడ్డాడు.

నూట పదకొండో సెకనుకు ఈల దిగడం మొదలైంది. గురగురగా మారింది. ఆగిపోయింది.

పదిహేను నిమిషాలకు గూడ్సు కదిలింది. చివరి వ్యాగను దాటగానే గేటు అవతల సూరిబాబు కనిపించాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. చేతుల్లో మూడు పింగాణీ పిడులు. మిల్లు జనం కొందరు కేకలు వేస్తూ అతని వెనక వస్తున్నారు. అతను వాళ్ల వైపు చూడలేదు. గేటు లేచేదాకా నిలబడి, నడిచి వచ్చి, పిడుల్ని ఒక్కొక్కటిగా జీపు ముందు రేకు మీద పెట్టాడు. ఒక్కోదానిలో మూడేసి పోగులు.

కానిస్టేబులు అలవాటుగా బేడీ రెండో కడియం పట్టుకుని, రెండో చెయ్యి ఇమ్మన్నాడు.

సూరిబాబు ఇవ్వలేదు. "ముందు కాగితంలో రాయండి, సారూ," అన్నాడు వర్మతో. "పులీ తొమ్మిదంగుళాలు."

వర్మ జేబులోంచి కలం తీసి, జీపు రేకు మీదే కాగితం పరిచాడు.